మడుగు గట్టున ఎలిగేటరు

అమెరికా సంయుక్త రాష్ట్రముల పటమును విప్పి చూచినచో, ఆగ్నేయ మూలను బొటనవ్రేలివలె సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన భూభాగ మొకటి కనబడును. అదియే ఫ్లోరిడా రాష్ట్రము. అది పల్లపు నేల. ఎక్కడ చూచినను సరస్సులు, వాగులు, చిత్తడి ప్రదేశములు. ఉత్తర రాష్ట్రములలో మంచు కురియు దినములలో సైతము ఇచ్చట ఎండ వెచ్చగా కాయును. అందువలన చలికి తాళలేనివారు, ఉద్యోగ విరమణ చేసినవారు, సెలవులు గడుపదలచినవారు వేలకు వేలుగా ఇచ్చటికి వచ్చుచుందురు. వారి కొరకు విహారగృహములును, విశాలమైన గోల్ఫు మైదానములును వెలసినవి. ఒక్క ఫ్లోరిడాలోనే గోల్ఫు మైదానములు వేయికి పైగా కలవు. ఆ మైదానములలోని మడుగు గట్టున నల్లని దుంగ యొకటి ఎండలో పడియున్నట్లు తరచుగా కనబడును. క్రొత్తగా వచ్చినవాడు దానిని దుంగ యనియే తలచును. కొంత దగ్గరకు పోయిన పిమ్మట ఆ దుంగకు కన్నులున్నట్లు, అవి తననే చూచుచున్నట్లు తెలియును.

ఈ జంతువును ఎలిగేటరు అందురు. స్పెయిను దేశస్థులు దీనిని తమ భాషలో 'ఎల్ లగార్తో', అనగా 'బల్లి' యని పిలిచిరి. ఆ మాటయే ఆంగ్లేయుల నోట నలిగి ఎలిగేటరు అయినది. పదునాలుగు అడుగుల వరకు పెరుగగల ప్రాణికి బల్లి యని పేరు పెట్టినవారి గుండె నిబ్బరమును మెచ్చుకొనవలసినదే.

మన మొసలియు ఎలిగేటరును జ్ఞాతులే గాని ఒక్కటి కావు. మన దేశమున మూడు జాతులు కలవు. నదులలోను చెరువులలోను బ్రతుకు మంచినీటి మొసలి మనవారెరిగినదే. తెలంగాణములోని మంజీరా నదిలో దాని కొరకు ఒక అభయారణ్యము కూడ ఏర్పడినది. రెండవది మడ అడవులలో ఉండు ఉప్పునీటి మొసలి. మూడవది చంబల్ మొదలగు ఉత్తరాది నదులలో చేపలు పట్టుకొని తిను, పొడవైన సన్నని మూతిగల ఘరియాలు. ఎలిగేటరు మనకు లేదు. ప్రపంచమున దానిలో రెండే జాతులు: ఒకటి అమెరికాలోనిది, రెండవది చైనాలో యాంగ్ట్సీ నదీ ప్రాంతమున మిగిలియున్న చిన్నజాతి. ఎలిగేటరు మూతి వెడల్పుగా, గుండ్రముగా ఉండును. నోరు మూసినప్పుడు క్రింది పండ్లు పైదవడలో దాగిపోవును. మొసలి నోరు మూసినను క్రింది దవడలోని నాలుగవ పన్ను వెలుపలికి కనబడుచునే యుండును. ఈ రెండు ప్రాణులును స్వేచ్ఛగా ఒకేచోట నివసించు తావు భూమిపై దక్షిణ ఫ్లోరిడా ఒక్కటే.

గజేంద్రమోక్షము చదివిన బాలబాలికలకు మకరి పట్టు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఎలిగేటరు పట్టును అట్టిదే. నోటిలో ఒక్కసారి సుమారు ఎనుబది పండ్లుండును. ఊడినదాని చోట క్రొత్తది మొలచుచునే యుండును. కన్నులు, ముక్కురంధ్రములు, చెవులు తల పైభాగమున నుండుటచే దేహమంతయు నీట ముంచి, ఆ మూడింటిని మాత్రము పైకి నిలిపి అది గంటలకొలది కదలక యుండగలదు. దవడల అంచున చిన్న చిన్న చుక్కలవంటివి కలవు. నీటిలో పుట్టు స్వల్పమైన కదలికను కూడ అవి పసిగట్టును. చీకటిలో సైతము ఒడ్డున ఎవరో నీటిని తాకినట్లు ఎలిగేటరునకు తెలియుట వీటి మహిమయే. ఒడ్డున నీళ్ళు చల్లుకొనుచు ఆడు కుక్కపిల్లయైనను, పసివాడైనను తన ఉనికిని తానే చాటుచున్నట్లు గ్రహింపవలెను.

ఇది శీతల రక్త జంతువు. తన ఒంటి వేడిని తాను పుట్టించుకొనలేదు. అందువలననే గట్టెక్కి ఎండ కాగుచుండును. అట్లు పడియున్నప్పుడు నోరు తెరచికొనుట కద్దు. చూచువారు అది తమను మ్రింగుటకే నోరు తెరచినదని భయపడుదురు. నిజమునకు అది అధికమైన వేడిని పోగొట్టుకొనుటయే. బుసకొట్టినచో మాత్రము అది హెచ్చరిక యని తెలియవలెను.

ఒకప్పుడు ఈ జంతువు అంతరించిపోవునేమో యను స్థితి కలిగినది. దీని చర్మముతో చేసిన చెప్పులకు, సంచులకు, నడికట్లకు గొప్ప గిరాకి యుండెడిది. వేటగాండ్రు రాత్రివేళ దీపములు పట్టుకొని పడవలలో తిరుగుచు లెక్కకు మిక్కిలిగా చంపిరి. చిత్తడి నేలలు ఎండగట్టబడి పొలములును పట్టణములును అయినవి. 1967లో అమెరికా ప్రభుత్వము దీనిని అంతరించు ప్రమాదమున్న జంతువుల పట్టికలో చేర్చినది. 1973లో మరింత గట్టి చట్టము వచ్చినది. పిమ్మట జరిగినది ఆశ్చర్యకరము. వేట ఆగిన కొలది సంవత్సరములలోనే ఎలిగేటర్లు మరల నీటినెల్ల నింపినవి. 1987లో ఈ జాతి పూర్తిగా కోలుకొన్నదని ప్రకటించిరి. మరుసటి సంవత్సరము నుండి ఫ్లోరిడాలో అనుమతి పత్రముతో, పరిమితముగా వేటాడుటకు కూడ అవకాశమిచ్చిరి. నేడు ఆ రాష్ట్రమున సుమారు 13 లక్షల ఎలిగేటర్లున్నవని అధికారుల అంచనా. అచ్చటి 67 జిల్లాలలో ఎలిగేటరు లేని జిల్లా ఒక్కటియు లేదు.

అయితే అడవిలో ఉండవలసిన జంతువు ఆటస్థలమునకు ఏల వచ్చినది? ఈ ప్రశ్నయే సరికాదని నా అభిప్రాయము. అది వచ్చినది కాదు, అక్కడనే యున్నది. వచ్చినవారము మనుష్యులము. పల్లపు నేలలో ఇండ్లు కట్టవలెనన్నను, మైదానము తీర్చవలెనన్నను ముందు నేలను మెరక చేయవలెను. అందులకు మన్ను కావలెను. ఆ మన్నును అచ్చటనే త్రవ్వి తీయుదురు. త్రవ్విన గుంటలు వాననీటితో నిండి మడుగులగును. కుండపోతగా కురిసిన వాననీరు ఇండ్లలోనికి రాకుండ ఆ మడుగులలోనికి పోవునట్లు కాలువలు కూర్తురు. ఇట్లు ఆట కొరకును, అందము కొరకును, వరదనీటి కొరకును మనుష్యుడు చేసినది ఎలిగేటరునకు చక్కని కాపురమైనది. మడుగులో చేపలు, తాబేళ్ళు, నీటిపక్షులు సమృద్ధిగా నుండును. గట్టుమీది పచ్చికను నిత్యము కత్తిరించి చదును చేయుదురు గనుక ఎండ కాగుటకు అంతకు మించిన తావు లేదు. ఒక మడుగు చాలనప్పుడు, లేదా వసంతమున జోడును వెదకునప్పుడు, అది పచ్చికమీదుగా నడచి ప్రక్క మడుగునకు పోవును. ఆటగాండ్రు కఱ్ఱలు దించి, అది దాటిపోవు వరకు ఊరక నిలుచుందురు.

గోల్ఫు అనునది చిన్న తెల్లని బంతిని కఱ్ఱతో కొట్టుచు, దూరమున ఉన్న గుంటలో పడవేయు ఆట. ఎన్ని తక్కువ దెబ్బలతో వేసిన అంత గొప్ప. ఈ ఆట నియమావళిలో ఒక విచిత్రమైన నియమము కలదు. విషసర్పము, తేనెటీగలు, ఎలుగుబంటి, ఎలిగేటరు వంటి ప్రమాదకరమైన జీవి దాపున బంతి పడినచో, దెబ్బ లెక్క పెరుగకుండ దానిని క్షేమమైన తావునకు మార్చి ఆడవచ్చును. పుస్తకములో పేరు వ్రాసి మరీ గౌరవించిన జంతువులు మరి యే ఆటలోనైన నున్నవో లేవో! ఫ్లోరిడాలోని పాల్మెట్టో అను ఊరి మైదానమున 2016లో ఒక మహాకాయమైన ఎలిగేటరు నిదానముగా నడచిపోవుచుండగా తీసిన చలనచిత్రమును లోకమంతయు చూచినది. అది నిజముగా జంతువేనా, లేక ఎవరైన వేషము వేసికొని ప్రాకుచున్నారా యని కొందరు సందేహించిరట.

నీటిలో పడిన బంతులను మునిగి తీసి అమ్ముకొనువారు కూడ అచ్చట కలరు. బురదనీటిలో కన్ను కానరాదు. చేతితో తడవి వెదకవలెను. చేతికి తగిలినది బంతియో, మరియొకటియో తెలిసికొనుట వారి వృత్తిలోని కష్టము. అట్లు గాయపడినవారు కొందరు కలరు.

ఇంత దగ్గరగా బ్రతుకుచున్నను అపాయములు అరుదనియే చెప్పవలెను. మనుష్యుడు కవ్వింపకయే ఎలిగేటరు కరచి, వైద్యము అవసరమైన సంఘటనలు ఫ్లోరిడాలో సగటున ఏడాదికి ఎనిమిదికి మించవు. ప్రాణము పోవుట మిక్కిలి తక్కువ. కాని లెక్కలో తక్కువైనంత మాత్రమున దుఃఖము తక్కువ కాదు. 2016 జూను 14వ తేదీ రాత్రి ఆర్లండో నగర సమీపమున, డిస్నీ వారి విహారకేంద్రములోని కృత్రిమ సరస్సు ఒడ్డున, రెండేండ్ల పసివానిని ఎలిగేటరు నీటిలోనికి లాగికొనిపోయినది. తండ్రి నీటిలోనికి దూకి పెనుగులాడినను విడిపింపలేకపోయెను. ఆ ఒడ్డున 'ఈత నిషేధము' అను పలక యున్నది గాని, ఎలిగేటరు మాట దానిపై లేదు. ఇతర రాష్ట్రముల నుండి వచ్చినవారికి ఈతకును మొసలికిని సంబంధమున్నదని ఎట్లు తెలియును? పిమ్మట అచ్చట స్పష్టమైన హెచ్చరిక పలకలు, ఒడ్డు వెంబడి కంచెలు ఏర్పాటు చేసిరి. 2018 ఆగస్టులో దక్షిణ కరోలినా రాష్ట్రమునందలి హిల్టన్ హెడ్ ద్వీపమున గోల్ఫు మైదానము ప్రక్కనున్న మడుగు గట్టున కుక్కతో నడచుచున్న ఒక స్త్రీ, ఆ కుక్కను కాపాడబోయి తానే ప్రాణము కోల్పోయెను.

స్వభావముచే ఎలిగేటరు మనుష్యుని చూచి తొలగిపోవు జంతువు. మనిషి అడుగుల చప్పుడు వినినంతనే గట్టుమీది నుండి నీటిలోనికి జారును. ఆ సహజమైన భయమును పోగొట్టునది ఒక్కటే: ఆహారము వేయుట. విహారమునకు వచ్చినవాడు మేడ వసారాలో నిలిచి ఒక రొట్టెముక్క విసరును. అది తినును. పిల్లలు నవ్వుదురు. మరునాడు మరియొక కుటుంబము. చేపలు పట్టువారు తలలను, తోకలను నీటిలోనే పారవేయుదురు. బాతులకని వేసిన గింజలు బాతులను గట్టునకు చేర్చును. బాతుల వెంట అదియు చేరును. కొలది వారములలో ఆ జంతువు మనిషిని చూచి పారిపోవుట మాని, ఎదురు వచ్చుట నేర్చుకొనును. దానికి రొట్టె వేరు, చేయి వేరు అను తెలివి లేదు. రొట్టె విసరినవాడు అప్పటికి సెలవు ముగించి ఊరు చేరియుండును. దాని ఫలము అనుభవించువాడు తరువాత అదే వసారాలో దిగిన అమాయకుడు. ఇందుచేతనే ఫ్లోరిడాలోను దక్షిణ కరోలినాలోను ఎలిగేటరునకు ఆహారము వేయుట శిక్షార్హమైన నేరము.

ఫలము అనుభవించునది ఆ జంతువు కూడ. నాలుగడుగులకు మించిన ఎలిగేటరు జనులకు అపాయకరముగా నున్నదని ఎవరైన ఫిర్యాదు చేసినచో, ప్రభుత్వము అనుమతి పొందిన వేటగానిని పంపును. ఏటేట కొన్ని వేల జంతువులు ఇట్లు పట్టబడుచున్నవి. పట్టిన దానిని దూరమున విడువవచ్చును గదా యని మీరడుగవచ్చును. అట్లు విడిచినవి తొలి స్థానమును వెదకుకొనుచు మరల వచ్చుటకు యత్నించును. దారిలో రహదారులు దాటును, ఇండ్లలో చొరబడును. అదియునుగాక, విడువదగిన ప్రతి సరస్సునందును ఇదివరకే ఎలిగేటర్లు నిండియున్నవి. కావున పట్టిన వానిలో అధికభాగమును చంపుచున్నారు. వేటగానికి ప్రధానమైన ఆదాయము దాని చర్మము, మాంసము అమ్మగా వచ్చినదే.

ఆ ప్రాంతములలో నేడు మన తెలుగు కుటుంబములును కలవు. సెలవులలో అచ్చటికి పోవువారును కలరు. కనుక అచ్చటివారు పాటించు జాగ్రత్తలు చెప్పుట అవసరము. ఎలిగేటరు కనబడినచో అరువది అడుగుల దూరమైనను ఉండవలెను. సంధ్య నుండి తెల్లవారు వరకు అది చురుకుగా వేటాడు సమయము. అప్పుడు మడుగు అంచునకు పోరాదు. కుక్కను త్రాటితో పట్టుకొనియే గట్టునకు దూరముగా నడిపింపవలెను. నీటి అంచున పడిన బంతిని వదలుకొనుటయే మేలు. క్రొత్తబంతి వెల స్వల్పము. తరిమినచో వంకరటింకరగా పరుగెత్తవలెనని ఒక నమ్మకము వ్యాపించియున్నది. అది వట్టిమాట. ఎలిగేటరు నేలమీద కొద్దిదూరమే వేగముగా పోగలదు. నీటికి వ్యతిరేకదిశగా తిన్నగా పరుగెత్తుటయే ఉపాయము. ఒకవేళ పట్టుబడినచో లొంగియుండక కొట్టుచు, కన్నులను పొడుచుచు పెనుగులాడవలెనని నిపుణులు చెప్పుదురు. ఎర సులభముగా లొంగదని తోచినప్పుడు అది విడిచిపెట్టుట కలదు.

వేసవిలో మరియొక జాగ్రత్త. ఆడ ఎలిగేటరు జూను, జూలై నెలలలో ఆకులు, గడ్డి, బురద కుప్పగా పోసి అందులో ముప్పది నలుబది గ్రుడ్లు పెట్టును. ఆకులు కుళ్ళుటచే పుట్టిన వేడియే గ్రుడ్లను పొదుగును. ఆ వేడిని బట్టియే పిల్ల ఆడయో మగయో నిర్ణయమగును. సుమారు ముప్పది డిగ్రీల వద్ద ఆడపిల్లలు, మరి మూడు డిగ్రీలు హెచ్చినచో మగపిల్లలు పుట్టును. రెండు నెలలు గడచిన పిమ్మట గ్రుడ్లలో నుండియే పిల్లలు కూయసాగును. తల్లి ఆ కూత విని కుప్పను త్రవ్వి, జానెడు పిల్లలను ఆ భయంకరమైన దవడల మధ్యనే సుతారముగా మోసికొనిపోయి నీట విడుచును. ఏడాది, అంతకు పైగా కూడ వాటిని కనిపెట్టియుండును. ముద్దుగా నున్నవని ఆ పిల్లలను పట్టబోయినవానికి తల్లి ఎక్కడో సమీపముననే యున్నదని గుర్తుండవలెను.

శీతకాలము వచ్చినప్పుడు మాత్రము ఇది మందగించును. చలి ఎక్కువైనచో తిండి మాని నిద్రవంటి స్థితిలో పడియుండును. ఈ జాతి ఉత్తరమున ఉత్తర కరోలినా రాష్ట్రము వరకు వ్యాపించియున్నది. 2018 జనవరిలో అచ్చటి ఒక ఉద్యానములో మడుగు గడ్డకట్టినది. అందలి ఎలిగేటర్లు నీరు గడ్డకట్టుటకు ముందే మూతులను పైకి నిలిపి కదలక యుండెను. మంచుపలక మీద ముక్కులు మాత్రము మొద్దులవలె పైకి పొడుచుకొని కనబడినవి. దేహములు క్రింద చల్లని నీటిలో వ్రేలాడుచుండెను. కొన్ని దినములకు ఎండ కాచి మంచు కరగినది. అవి మూతులు దించుకొని, ఏమియు జరుగనట్లు మరల ఈదసాగెను.