పాత కారవాన్ స్లైడ్-అవుట్ ఇరుక్కుంటే ముందు నేల చూడండి

అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరాక, మా పాత ట్రైలర్‌లో స్లైడ్-అవుట్, అంటే పక్కకి జరిగే గది, తెరుస్తుంటే సగంలో ఆగిపోయింది. మోటారు పోయిందనుకున్నా. స్విచ్ అలాగే నొక్కి పట్టుకుంటే గేరు పళ్ళు కూడా పోయేవి, అందుకే ఆపేశా.

కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్లైవుడ్ అంచులోకి మెత్తగా దిగిపోయింది. అసలు సంగతి, పైన రబ్బరు సీలు చీలింది. వాన నీళ్ళు దిగి నేల కుళ్ళింది, గది ఒక పక్కకి వాలి పట్టేసింది.

ముందు బ్యాటరీ వైరు తీసేయండి. గది కింద చెక్క దిమ్మెలు పెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. గట్టి చెక్క తగిలేదాకా కుళ్ళింది కోసేయండి. అరకు మంచులో చెక్క తొందరగా ఆరదు, నేను రెండు రోజులు ఆగాను. ఆరాకే మెరైన్ ప్లై వేసి, అంచులకి ఎపాక్సీ పూయండి.

చివరగా కొత్త సీలు. అది వదిలేస్తే వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇదే పనండీ.