స్మారక ఉపకార వేతనం: అందేదెప్పుడు? ఆదుకునేదెంత?

విదేశీ విద్యకు వెళ్లే కోల్‌బెల్ట్ విద్యార్థులు తెలుసుకోవాల్సిన విషయాలు

నస్పూర్: గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్, బ్యాంకు రుణం, చాలకపోతే ఇంటి స్థలం. పిల్లలను విదేశాల్లో ఎం.ఎస్. చదివించాలనుకునే సింగరేణి కుటుంబం ముందుగా లెక్కకట్టేది వీటినే. సీసీసీ, శ్రీరాంపూర్ కాలనీల్లో ఈ లెక్కకు మరో పద్దు కూడా తోడవుతోంది. ‘అక్కడికి చేరుకుంటే ఏదో ఒక స్కాలర్‌షిప్ వస్తుంది’ అన్న ఆశే ఆ పద్దు. ఇది పూర్తిగా నిరాధారమైన ఆశ కాదు. దివంగతుల పేరిట నెలకొల్పిన స్మారక ఉపకార వేతనాలు అనేకం ఉన్నాయి. భారతీయ విద్యార్థులకే ప్రత్యేకించినవీ వాటిలో ఉన్నాయి. అయితే అవి ఎవరికి, ఎప్పుడు, ఎంత మేరకు అందుతాయో తెలియకుండా వాటిని నమ్ముకుని అప్పు చేస్తే కుటుంబం చిక్కుల్లో పడుతుంది. తెలియక దరఖాస్తే చేయకపోతే అందివచ్చే సాయం చేజారుతుంది.

గనుల కళాశాలలో కల్పన పేరు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దున ఎల్‌పాసో నగరం ఉంది. అక్కడి టెక్సాస్ విశ్వవిద్యాలయం 1914లో గనులు, లోహశాస్త్రం బోధించే పాఠశాలగా ప్రారంభమైంది. నేటికీ ఆ వర్సిటీ క్రీడా జట్లను ‘మైనర్స్’ అనే పిలుస్తారు. మన ప్రాంతపు భాషలో చెప్పాలంటే గని కార్మికులు. ఈ వర్సిటీలోని భారతీయ విద్యార్థి సంఘం ప్రతిభావంతులైన పీజీ విద్యార్థుల కోసం 2005లో కల్పనా చావ్లా స్మారక ఉపకార వేతనాన్ని నెలకొల్పింది.

హర్యానాలోని కర్నాల్‌లో జన్మించిన కల్పన చండీగఢ్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, 1984లో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో ఎం.ఎస్., 1988లో కొలరాడోలో పీహెచ్‌డీ పట్టాలు అందుకున్నారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక ప్రమాదంలో మరో ఆరుగురితో పాటు అసువులు బాశారు. ఆమె చదివింది ఎల్‌పాసోలో కాదు. అయినా చదువు కోసం దేశం దాటిన యువతిగా ఆమెను తమ మనిషిగా భావించి, విద్యార్థులే పూనుకుని ఆమె పేరిట సాయం ఏర్పాటు చేయడం విశేషం. 2010లో అంతర్జాతీయ అంతరిక్ష విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థులు సైతం భారతీయ విద్యార్థుల కోసం ఆమె పేరిట మరో ఉపకార వేతనాన్ని ప్రారంభించారు.

మూలధనం కదలదు, రాబడే వేతనం

స్మారక నిధులు సాధారణంగా రెండు రకాలు. మొదటిది ఏటా విరాళాలు పోగుచేసి పంచేది. దాతలు ఉన్నంత కాలమే అది సాగుతుంది. రెండవది శాశ్వత నిధి. దాతలు ఇచ్చిన మూలధనాన్ని విశ్వవిద్యాలయం పెట్టుబడిగా ఉంచి, ఏటా వచ్చే రాబడిలో కొంత భాగాన్ని, చాలాచోట్ల నిధి విలువలో 4 నుంచి 5 శాతాన్ని, విద్యార్థికి ఇస్తుంది. ఉదాహరణకు 25 వేల డాలర్ల నిధి ఉంటే 4 శాతం చొప్పున ఏటా వెయ్యి డాలర్లు అందుతాయి. ఇక్కడే అసలు విషయం బోధపడుతుంది. పేరు ఎంత గొప్పదైనా చేతికందే మొత్తం చిన్నదే. ఎక్కువ స్మారక వేతనాలు ఒక సెమిస్టరు ఫీజును సైతం పూర్తిగా తీర్చలేవు.

వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 2007 ఏప్రిల్ 16న జరిగిన కాల్పుల్లో 32 మంది బలయ్యారు. వారిలో ముంబయికి చెందిన పీజీ విద్యార్థిని మినాల్ పంచాల్, తమిళనాడుకు చెందిన ఆచార్యుడు జి.వి.లోగనాథన్ ఉన్నారు. ప్రజలు పంపిన విరాళాలతో మృతులు ఒక్కొక్కరి పేరిట వర్సిటీ శాశ్వత నిధిని ఏర్పాటు చేసింది. ఎల్‌పాసోలోనే ఎం.ఎస్. చదివిన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథ్‌లో విద్వేష కాల్పులకు బలైనప్పుడు ఆయన కుటుంబం కోసం ఆన్‌లైన్‌లో విరాళాలు వెల్లువెత్తాయి. కుటుంబాన్ని ఆదుకునే తక్షణ సాయం వేరు, ఏటా ఒక విద్యార్థికి అందే నిధి వేరు. రెండూ స్మృతి నుంచి పుట్టినవే అయినా విద్యార్థులు దరఖాస్తు చేసుకోగలిగేది రెండవదానికే.

వెయ్యి డాలర్లతో తగ్గే ఫీజు

చిన్న మొత్తం కనుక వదిలేయవచ్చని అనుకోరాదు. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బయటి రాష్ట్రాల, దేశాల విద్యార్థులు స్థానికుల కంటే ఎంతో ఎక్కువ ఫీజు చెల్లించాలి. అయితే విద్యా సంవత్సరానికి కనీసం వెయ్యి డాలర్ల పోటీ ఉపకార వేతనం పొందినవారు స్థానికుల ఫీజే చెల్లించేందుకు ఆ రాష్ట్ర చట్టం వీలు కల్పిస్తుంది. వెయ్యి డాలర్ల వేతనం వెనుక అంతకు అనేక రెట్ల రాయితీ ఉండవచ్చన్నమాట.

దీనికి షరతులు ఉన్నాయి. ఆ వేతనాన్ని వర్సిటీ గుర్తించిన సంఘమే మంజూరు చేయాలి. టెక్సాస్ నివాసులు సహా ఇతర విద్యార్థులతో పోటీపడి గెలుచుకున్నదై ఉండాలి. ఈ రాయితీ పొందేవారి సంఖ్యకూ పరిమితి ఉంది. కనుక ఒక దేశం వారికే పరిమితమైన సంఘాల సాయానికి ఇది వర్తించకపోవచ్చు. ‘ఈ వేతనంతో ఫీజు రాయితీ వస్తుందా?’ అని వర్సిటీ కార్యాలయాన్ని ముందుగానే రాతపూర్వకంగా అడగడం ఉత్తమం.

బయలుదేరే ముందే దొరికేవి

విదేశీ ప్రాంగణాల్లోని స్మారక వేతనాల్లో అధిక భాగం అక్కడ చేరి, ఒకటి రెండు సెమిస్టర్లు మంచి మార్కులతో పూర్తిచేసిన తరువాతే దక్కుతాయి. విమానం ఎక్కకముందే ఆదుకునేవి వేరే ఉన్నాయి. జంషెట్‌జీ టాటా 1892లో స్థాపించిన జె.ఎన్.టాటా ఎండోమెంట్ వాటిలో పురాతనమైనది. పూర్వ రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ 1940వ దశకంలో ఈ సాయంతోనే లండన్‌లో చదివారు. 1953లో ఏర్పడిన కె.సి.మహీంద్రా విద్యా ట్రస్టు వడ్డీ లేని సాయం అందిస్తుంది. ఈ రెండూ రుణ ఉపకార వేతనాలని, తిరిగి చెల్లించవలసినవని గుర్తుంచుకోవాలి.

లేడీ మెహెర్‌బాయి టాటా 1931లో రక్త క్యాన్సర్‌తో మరణించగా ఆమె స్మృత్యర్థం మరుసటి ఏడాదే ఏర్పడిన విద్యా ట్రస్టు మహిళా పట్టభద్రులకు విదేశీ చదువు కోసం ఆర్థిక సాయం చేస్తోంది. సామాజిక సేవ, విద్య, ప్రజారోగ్యం వంటి రంగాలకే దీనిలో ప్రాధాన్యం. నెహ్రూ పేరు చేరిన ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఫీజు, ప్రయాణం, జీవన వ్యయం భరిస్తుంది కానీ కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం కోరుతుంది. చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి రావాలి. మన ప్రాంత విద్యార్థులు అధికంగా ఎంచుకునే కంప్యూటర్ సైన్సు వారికి ఈ రెండూ పెద్దగా ఉపకరించవు.

అటూ ఇటూ కాని గని కార్మికుడు

ప్రభుత్వ పథకాలకూ మహనీయుల పేర్లే ఉన్నాయి. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల పాటు ఇచ్చిన ఉపకార వేతనంతో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆయన పేరిట ఉమ్మడి రాష్ట్రంలో మొదలై తెలంగాణలో కొనసాగుతున్న అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రూ.20 లక్షల వరకు ఇస్తుంది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఇటువంటి పథకమే ఉంది. ఈ సొమ్మును తిరిగి చెల్లించనవసరం లేదు.

అయితే కుటుంబ వార్షికాదాయం రూ.5 లక్షలకు మించరాదన్న నిబంధన కోల్‌బెల్ట్‌కు ప్రతిబంధకం. పర్మినెంటు కార్మికుని వేతనం సాధారణంగా ఈ గీత దాటుతుంది. అలాగని అమెరికా ఫీజును భరించగల ఆదాయమూ కాదు. కాంట్రాక్టు కార్మికుని కుటుంబం అర్హత పరిధిలోకి వచ్చినా జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షల శిక్షణ, ఫీజుల దగ్గరే ఆగిపోయే పరిస్థితి ఉంటుంది. ప్రతిభ ఆధారంగా దక్కే స్మారక వేతనాలపై శ్రద్ధ పెట్టవలసిన అవసరం మన ప్రాంతానికి ఎక్కువగా ఉన్నది ఇందుకే.

తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గత శతాబ్దం మూడవ దశకంలో అమెరికా వెళ్లేందుకు మామగారు సమకూర్చిన సొమ్ముతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ హామీ తోడ్పడింది. అంతటి ప్రతిభావంతుడు కూడా బోస్టన్ చేరాక ఆసుపత్రిలో రాత్రివేళ కూలి పనిచేసి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. సాయం దారి చూపుతుందే తప్ప మొత్తం ఖర్చును మోయదనడానికి ఇది నిదర్శనం.

తల్లిదండ్రులు గమనించాల్సినవి

• చేతికి మంజూరు పత్రం అందనిదే స్మారక వేతనాన్ని ఖర్చుల లెక్కలో చేర్చరాదు. రుణాన్ని అది లేకుండానే లెక్కించుకోవాలి.

• ప్రవేశ సమయంలోనే వేతనం మంజూరైతే ఆ మొత్తాన్ని ఐ-20 పత్రంలో చూపుతారు. ఆ మేరకు బ్యాంకులో చూపవలసిన సొమ్ము తగ్గుతుంది.

• వేతనం ఒక్కసారికేనా, ఏటా వస్తుందా, ఎన్ని మార్కులు నిలబెట్టుకోవాలి అన్నవి పత్రంలో చూసుకోవాలి.

• ఫీజుకు వాడిన మొత్తంపై అమెరికాలో సాధారణంగా పన్ను ఉండదు. వసతి, భోజన ఖర్చులకు ఇచ్చే భాగంపై పన్ను కోత ఉంటుంది.

• అమెరికా కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సాయం విదేశీ విద్యార్థులకు వర్తించదు. బోధన, పరిశోధన సహాయకుల కొలువులు స్మారక వేతనాల కంటే పెద్ద ఆసరా. వీటికి వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది.

• స్కాలర్‌షిప్ ఇప్పిస్తామంటూ ముందుగా సొమ్ము అడిగేవారిని నమ్మరాదు. వివరాలను వర్సిటీ అధికారిక వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి.

మన పేర్లకూ ఒక నిధి

స్మరించుకోవలసిన పేర్లు కోల్‌బెల్ట్‌కు తక్కువేమీ కావు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. వారి వంటి వారి పిల్లలు, ఈ కాలనీల్లో పెరిగినవారు నేడు అనేక దేశాల్లో స్థిరపడ్డారు. డాలరును 90 రూపాయలుగా లెక్కిస్తే 25 వేల డాలర్ల శాశ్వత నిధికి రూ.22.5 లక్షలు కావాలి. యాభై మంది కలిస్తే ఒక్కొక్కరి వాటా రూ.45 వేలు. ఎల్‌పాసోలో ఒక విద్యార్థి సంఘం మొదలుపెట్టగలిగిన పని మన కోల్‌బెల్ట్ పూర్వ విద్యార్థులకు అసాధ్యం కాదు.