పత్తికట్టె పొయ్యికెంత? నేలకెంత?

పత్తి ఏరడం అయిపోగానే కట్టె పీకి, కుప్పేసి నిప్పుపెట్టడం నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏటా చూసేదే. వర్షాధారపు చేలో కూడా ఎకరాకు సుమారు టన్ను ఎండుకట్టె వస్తుంది. దాన్ని కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. పొటాష్ బూడిదలో మిగిలినా, అదీ గాలికి ఎగిరిపోతే మీకు దక్కేది చేలో నల్లమచ్చే.

బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు పంట వ్యర్థాల గుళికలను 5 శాతం కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో చెప్పింది. కాబట్టి కట్టె కొనేవాళ్లు మీ ఊరికీ రావచ్చు. ధర గిట్టుబాటైతే అమ్మండి, తప్పులేదు. అయితే ఏది అమ్మాలో, ఏది ఉంచుకోవాలో బేరానికి ముందే తేల్చుకోవాలి.

మన చెల్క నేలల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల అర శాతం కూడా ఉండదు. అందుకే వాన వెలిసిన నాలుగు రోజులకే పైరు వాడుతుంది. ఇలాంటి నేల నుంచి గింజ, కట్టె, ఆకు అన్నీ ఎత్తుకుపోతే ఇక ఎన్ని బస్తాల ఎరువు వేసినా తేమ నిలవదు. కంది రాల్చిన ఆకు ఊడ్చెయ్యకండి, చేలోనే కలియదున్నండి. జొన్నచొప్ప పశువులది. పొయ్యికైనా, అమ్మకానికైనా పత్తి, కంది, ఆముదం కట్టెలే సరి.

పత్తికట్టెతో ఇంకో చిక్కుంది. విచ్చుకోని కాయల్లో గులాబీరంగు పురుగు దాక్కుంటుంది. చేను పక్కన కుప్ప వేస్తే వచ్చే పంటకు పురుగును మీరే పెంచినట్టు! కట్టె పీకేముందు గొర్రెలు, మేకలను చేలోకి తోలండి, మిగిలిన కాయలు అవే మేసేస్తాయి. అమ్మేవాళ్లు ఆలస్యం చెయ్యొద్దు. పొయ్యికి దాచుకునేవాళ్లు కాయలు పూర్తిగా దులిపి దాచుకోండి.

అమ్ముడుపోని కట్టెను బొగ్గుగా మార్చి నేలకివ్వవచ్చు. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) ఇందుకోసం డ్రమ్ముతో చేసిన బట్టీని రూపొందించింది. గాలి తక్కువగా అందేలా కాలిస్తే వంద కిలోల కట్టెకు 25 నుంచి 35 కిలోల బొగ్గు వస్తుంది. దాన్ని పొడిచేసి పశువుల ఎరువులో కలిపి చల్లాలి. పని కాస్త ఎక్కువే, కూలి పెట్టి చేయిస్తే కిట్టదు. ఇంటిమనుషులు తీరిక వేళ చేసుకునే పని ఇది.

"మరి నీళ్లు కాచుకోను కట్టెలేవి?" అని ఇంట్లో ఆడవాళ్లు అడుగుతారు. న్యాయమే. అందుకు గెట్లున్నాయి. హెక్టారు చేనుకు 700 మీటర్ల గెట్టు మీద అర మీటరుకొకటి చొప్పున గ్లైరిసీడియా నాటితే, మొక్కలు ఎదిగాక ఏటా సుమారు 30 కిలోల నత్రజనినిచ్చే ఆకు వస్తుంది. తొలకరికి నాటండి. తర్వాత కొమ్మలు నరికినప్పుడల్లా ఆకు చేలోకి, పుల్ల పొయ్యిలోకి. నీడ పైరు మీద పడకుండా నడుమెత్తులోనే నరుకుతుండాలి.

నాగలి దిగని రాతిమూల ఉంటే వేప, కానుగ, సీతాఫలం పెట్టండి. బాలానగర్ సీతాఫలం మహబూబ్‌నగర్ సొత్తే కదా! దుక్కికి పనికొచ్చే నల్లరేగడిని మాత్రం వంటచెరకు చెట్లకు ఇవ్వొద్దు.

సర్కారు తుమ్మ కట్టె బాగా మండుతుంది. అయినా చేలోకి రానివ్వకండి. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలించాల్సిందే. చెరువు శిఖంలో పెరిగిన తుమ్మను ఊరంతా కలిసి తీసుకుంటే కట్టెకు కట్టె, దాని కింది పూడికమట్టి చెల్కలకు.