పొడిని పుట్టిన చోటే పట్టాలంటే

కాపురం ఉన్న ఇంట్లో కొత్త పైపు కోసం గోడకు గాడి కొట్టిస్తే ఏమవుతుందో ఇల్లు బాగు చేయించుకున్న వాళ్లందరికీ తెలుసు. ఎన్ని రోజులు తుడిచినా అలమరాలో పొడి తేలుతూనే ఉంటుంది. కానీ తుడిస్తే పోయే పొడి చిరాకే తప్ప పెద్ద ప్రమాదం కాదు. అసలు ముప్పు వేరే ఉంది. ఇటుకలో, కాంక్రీటులో, గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఉంటుంది. కోతలో అది కంటికి ఆనని రేణువులుగా చితికి, చాలాసేపు గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల అడుక్కు దిగుతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బును నయం చేసే మందు లేదు. ఈ రేణువులు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

ఆ పొడిని గోడ కోసే గ్రైండర్ బ్లేడు దగ్గరే పట్టేందుకు వాడేది డస్ట్ ష్రౌడ్. గ్రైండర్ గార్డు తీసి ఆ స్థానంలో బిగించే డొప్ప ఇది. పక్కన వాక్యూమ్ గొట్టం తగిలించే మూతి ఉంటుంది. 4 అంగుళాల బ్లేడు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. అంత జోరుగా ఎగిరే పొడిని పక్కన ఒకరు గొట్టం పట్టుకుని నిలబడి లాగలేరు. బ్లేడును చుట్టూ మూయాల్సిందే.

ష్రౌడ్‌లు ప్రధానంగా రెండు రకాలు. గాడి కొట్టడానికి, రాయి కోయడానికి వాడేదాని కింద చదునైన పలక ఉంటుంది. అది గోడకు ఆని జారుతుంది, కోత లోతును అదుపులో ఉంచుతుంది. కాంక్రీటు నేలను అరగదీసే కప్ వీల్‌కు గుండ్రటి డొప్ప, అంచు చుట్టూ బ్రష్ కుచ్చు ఉంటాయి. కుచ్చు నేలను తాకుతూ ఉండాలి, లేకపోతే సందులోంచి పొడి తప్పించుకుంటుంది. గోడ మూలల దాకా పని చేయాలంటే డొప్ప ముందు భాగం తెరుచుకునే రకం మేలు. ఒక రకాన్ని రెండో పనికి వాడితే పొడీ ఆగదు, పనీ సాగదు.

తర్వాత చూడాల్సింది కొలత. బ్లేడు సైజు కలిస్తే చాలదు. గార్డు బిగించే మెడ చుట్టుకొలత మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే గ్రైండర్‌ను వెంట తీసుకెళ్లి, కొట్టులోనే బిగించి చూడాలి. చేత్తో కదిపితే డొప్ప ఊగకూడదు, బ్లేడు దేనికీ రాసుకోకూడదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మోటారు లేని వంటింటి చిమ్నీ ఎంత పొగ లాగుతుందో, వాక్యూమ్ లేని ష్రౌడ్ అంత పొడి లాగుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో ప్రకటించిన సిలికా నియమాల్లో దీనికి స్పష్టమైన లెక్క ఉంది. బ్లేడు వ్యాసంలో ప్రతి అంగుళానికి నిమిషానికి కనీసం 25 ఘనపుటడుగుల గాలి లాగాలి. అంటే 4 అంగుళాల బ్లేడుకు 100 ఘనపుటడుగులు, సుమారు 2,800 లీటర్లు. వాక్యూమ్ డబ్బా మీద అచ్చేసిన అంకె గొట్టం తగిలించాక, ఫిల్టర్ మూసుకుపోయాక రాదు. కాబట్టి ఎక్కువ శక్తి ఉన్నదే తీసుకోవాలి. ఫిల్టర్ 99 శాతం పొడిని ఆపాలని, దాన్ని దులిపే ఏర్పాటో, ముందే పొడిని వేరుచేసే సైక్లోనో ఉండాలని కూడా ఆ నియమం చెబుతుంది. మామూలు ఇంటి వాక్యూమ్ సన్నటి పొడిని వెనక నుంచి మళ్లీ గదిలోకే వదలొచ్చు.

నీళ్లు పోస్తూ కోయడం మరో దారి. కానీ అందుకోసం తయారుచేయని కరెంటు గ్రైండర్‌తో ఆ పని చేస్తే షాక్ ప్రమాదం. ఇక ఇనుము కోసేటప్పుడు ఈ వాక్యూమ్ తగిలించకూడదు. నిప్పురవ్వలు లోపలికి వెళ్తే ఫిల్టర్ అంటుకుంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇటుకల మధ్య సిమెంటు గీరే పనికి మాస్కు కూడా ఉండాలని ఓషా చెబుతుంది. ముక్కుకు కట్టుకున్న కర్చీఫ్ మాస్కు కాదు, ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 లాంటిది కావాలి.

కొనే ముందు ఇంకొక్క పరీక్ష. ష్రౌడ్ బిగించాక కోత గీత కనిపిస్తోందో లేదో పని చేసే మనిషినే అడగాలి. గీత కనిపించకపోతే అతను కాసేపటికే దాన్ని ఊడదీసి పక్కన పెడతాడు. ఖరీదైనదైనా ఊడదీసి పెట్టే ష్రౌడ్ కంటే, పని అయ్యేదాకా గ్రైండర్‌కే ఉండే సాదా ష్రౌడ్ నయం.