వేపగింజ విలువ ఒక్క రసాయనంతో తేలేనా?

తిరుపతి: చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో జూన్ మొదలు ఆగస్టు దాకా ఏరే వేపగింజలకు గిరాకీ రెండు వైపుల నుంచి ఉంటుంది. నూనె మిల్లువారు నూనె దిగుబడి చూసి బేరమాడతారు. పురుగుమందుల తయారీదారులు అజాడిరక్టిన్ ఎంత ఉందో చూస్తారు. మందు సీసాలపై 300, 1500, 10000 పి.పి.ఎం. అని కనిపించేది ఈ లెక్కే.

1968లో ఇంగ్లండులో వేరుచేసిన ఈ రసాయనం పురుగుచేత మేత మాన్పిస్తుంది, కుబుసం విడవనీయదు. అయితే గింజలో సలానిన్, నింబిన్ వంటి చేదు పదార్థాలు మరికొన్ని కలవు. వాటి సంగతి 1995లో వెలువడిన కెనడా ప్రయోగం కొంత తేల్చింది. ఒక పేనుబంక గుంపుపై శుద్ధమైన అజాడిరక్టిన్‌ను, మరో గుంపుపై అంతే అజాడిరక్టిన్ గల వేపగింజల సారాన్ని వాడుతూ వచ్చారు. 40 తరాల తర్వాత మొదటి గుంపులో మందును తట్టుకొనే శక్తి 9 రెట్లయింది. రెండవ గుంపులో అది పెరగలేదు. పలు రసాయనాలను ఒకేసారి తట్టుకోవడం పురుగుకు కష్టమని దీనికి వివరణ. రైతులు కొట్టే 5 శాతం వేపగింజల కషాయంలో ఈ పదార్థాలన్నీ కలిసే ఉంటాయి.

పరీక్ష కొలిచేది ఒక్కదాన్నే అయినా, ధర పలికేది దానినిబట్టే. తేమ, బూజు తగిలిన గింజలో అజాడిరక్టిన్ తరిగిపోతుంది. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, గోనె సంచుల్లో గాలి తగిలేచోట నిల్వచేసిన సరకుకు బేరంలో కోత ఉండదు.