గ్రేడింగ్‌కి పంపే ముందు ఒక లెక్క

మా తెనాలిలో ఎవరింట్లో పాత డబ్బా తెరిచి చిల్లర బయటపడినా, చివరికి అది నా దగ్గరికే వస్తుంది. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను, నాణేలు దాచే అలవాటుందని నలుగురికీ తెలుసు, అంచేత. ఇదివరకు వచ్చేవాళ్ళు వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి ఐదు రూపాయల బిళ్ళ చూపించి, "దీనికి లక్షలిస్తారటగా అండీ" అనేవాళ్ళు. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామనేవాళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. అప్పటి నుంచీ ఆ జోరు కొంత తగ్గింది. ఇప్పుడు ప్రశ్న మారింది. "గ్రేడింగ్ చేయిస్తే దీని రేటు పెరుగుతుందటగా?"

పెరగొచ్చు. కానీ పెరిగిన దాంట్లోంచి గ్రేడింగ్ ఖర్చు తీసేస్తే ఏం మిగులుతుందన్నది ఎవరూ అడగరు. నేను మొదట వేయించే లెక్క అదే: మీరు ఆశపడే గ్రేడుకి ఒక మెట్టు కింద వచ్చినా నష్టం లేదనుకుంటేనే పంపండి. ఈ ఒక్క షరతు పెడితే ఈ కాలపు నాణేల్లో నూటికి తొంభై ఇంట్లోనే ఉండిపోతాయి.

గ్రేడింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. నాణేన్ని ఒక కంపెనీకి పంపితే వాళ్ళు అసలుదా నకిలీదా చూస్తారు. తర్వాత ఇద్దరు ముగ్గురు నిపుణులు పరిశీలించి గ్రేడు తేలుస్తారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేస్తారు. దాన్నే స్లాబ్ అంటాం. పైన చీటీ మీద నాణెం పేరు, ఏడాది, గ్రేడు, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొడితే అవే వివరాలు రావాలి. స్లాబులకే నకిలీలు తయారవుతున్న రోజులివి, కాబట్టి కొనేటప్పుడు తప్పకుండా కొట్టి చూడాలి. అమెరికాలో 1986లో పని మొదలుపెట్టిన పీసీజీఎస్, ఆ మరుసటి ఏడు వచ్చిన ఎన్‌జీసీ, ఈ రెండింటి స్లాబుకే ప్రపంచంలో ఎక్కువ గిరాకీ. మన దేశంలోనూ గ్రేడు వేసిచ్చేవాళ్ళున్నారు. ఖర్చు తక్కువే. రేపు కొనేవాడు ఆ చీటీని ఎంత నమ్ముతాడన్నదే చూసుకోవాలి.

గ్రేడు 1 నుంచి 70 దాకా ఉంటుంది. నూటికి మార్కులు లెక్కపెట్టే మనకి ఈ డెబ్బై వింతగా ఉంటుంది. విలియం షెల్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు తమ దేశపు పాత పెద్ద సెంట్ల మీద 1949లో వేసిన పుస్తకంలోని కొలత అది. అరిగి అరిగి ఏదో గుర్తుపట్టేంత మాత్రమే మిగిలిన సెంటు ఒక డాలరు చేస్తే, అదే సెంటు చెక్కుచెదరకుండా ఉంటే డెబ్బై డాలర్లు చేస్తుందని ఆయన లెక్క. ఆ ధరలు ఎన్నడో గంగలో కలిశాయి, అంకె మాత్రం నిలిచిపోయింది. వాడకంలోకి వెళ్ళని నాణేనికి 60 నుంచి 70 లోపు ఇస్తారు, అంకె ముందు ఎంఎస్ అని వేస్తారు. అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టే ప్రూఫ్ నాణేనికైతే పీఎఫ్ అనో పీఆర్ అనో వేస్తారు. ఐదు రెట్లు పెద్దది చేసి చూసినా, టంకశాల దాటాక తగిలిన లోపం ఒక్కటీ కనపడకపోతేనే 70.

ఇక ఖర్చు. ఈ కాలపు నాణేలకి ఫీజు ఒక్కోదానికి ఇరవై, ముప్పై డాలర్ల చుట్టూ ఉంటుంది. అది కాక పార్సిలు ఛార్జీ, రానూ పోనూ రవాణా, బీమా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ కాగితాలు. మనలాంటివాళ్ళం సొంతంగా పంపే పని పెట్టుకోం. ముంబయి, బెంగళూరు లాంటి చోట్ల ఉన్న డీలర్లు నలుగురివీ పోగుచేసి పంపుతారు, వాళ్ళ కమిషన్ వాళ్ళకి. ఎవరికి లెక్క చెప్పినా ఒక్క నాణేనికి మూడు వేలకు తగ్గదనే చెబుతాను. అంటే చీటీ పుణ్యమా అని ధర మూడు వేలు పెరిగినా, అప్పటికి చేతికొచ్చేది పెట్టుబడే.

ఈ లెక్క మా ఇంట్లోనే ఒకసారి గట్టిగా నడిచింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ముగారు ఎన్టీఆర్ శతజయంతి నాణెం విడుదల చేశారు. వంద రూపాయల బిళ్ళ. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. సగం వెండి, నలభై శాతం రాగి, మిగతా పదిలో నికెల్, జింకు చెరిసగం. కొట్టింది మన హైదరాబాద్ టంకశాల. అమ్మకం మొదలయ్యాక జనం అక్కడ క్యూలు కట్టారు. ప్యాకింగును బట్టి ధర నాలుగు వేల నుంచి ఐదు వేల లోపు. అందులో ఉన్న వెండి పదిహేడున్నర గ్రాములు, ఆనాటి రేటుకి పదమూడు వందలు అటూ ఇటూ. మిగతా సొమ్మంతా పెట్టె ఖర్చు, పన్ను, రామారావుగారి మీద అభిమానం.

మా అన్నయ్యకి ఎన్టీఆర్ అంటే ప్రాణం. క్యూలో మనుషుల్ని నిలబెట్టి ఐదు బిళ్ళలు కొనిపించాడు. ఆయన కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఇక్కడ ఎన్టీఆర్ ఫ్యాన్స్‌కి కొదవే లేదు. ఐదింటికీ 70 వేయించి అమ్మితే?"

"69 వస్తే ఏం చేస్తావ్?"

"ఒక్క మార్కేగా తేడా!"

"ఒక్క మార్కే రా. కొనేవాడు డబ్బులిచ్చేది ఆ ఒక్క మార్కుకే."

అన్నయ్యని ఒప్పించి ఐదింటినీ భూతద్దం కింద చూశాను. ఇంత వెడల్పు బిళ్ళ మీద దెబ్బ దాచుకోవడానికి చోటుండదు. మనిషి బొమ్మ ఉన్న నాణెం మీద ఎత్తుగా ఉండేవి చెంప, నుదురు. ఏది తగిలినా ముందు అక్కడే తగులుతుంది. ఒక బిళ్ళలో రామారావుగారి చెంప మీద వెంట్రుకంత గీత ఉంది. ఇంకోదాని ఖాళీ జాగాలో తెల్లగా పాలచుక్క ఎండినట్టు ఒక మచ్చ, వెండి నాణేలకి ఇది పెద్ద శత్రువు. రెండు ఫర్వాలేదు, 68, 69 దగ్గర ఆగుతాయి. ఒక్కటి మాత్రం నిజంగా శుభ్రంగా ఉంది. ఐదూ పంపితే పదిహేను వేలు ఖర్చు. ఆ ఒక్కటి 70 కొట్టినా, మిగతా నాలుగూ స్లాబులో ఉన్నా లేకపోయినా దాదాపు ఒకే ధర పలుకుతాయి. పైగా ఇక్కడ కొనేవాళ్ళలో చాలామందికి టంకశాల ప్యాకింగు, దాంట్లోని కాగితం చెక్కుచెదరకుండా కావాలి. దాన్ని విప్పి నాణెం బయటికి తీశామంటేనే మొహం చిట్లిస్తారు.

వాడికైతే లెక్క కొంచెం వేరు. అమెరికాలోనే ఉన్నాడు కాబట్టి రవాణా ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఆ ఒక్క బిళ్ళ తీసుకెళ్ళమన్నాను. మిగతావి అన్నయ్య పూజగదిలో పెట్టుకుంటానన్నాడు, అక్కడ గ్రేడుతో పనేముంది!

70 మోజు ఎంత దూరం పోతుందో అమెరికా వాళ్ళే చూపించారు. 1995లో వెస్ట్‌పాయింట్ టంకశాల కొట్టిన వెండి ఈగిల్ ప్రూఫ్ డాలర్లు 30,125 మాత్రమే. ఆ ఏడాది బంగారు ఈగిళ్ళ సెట్టు కొన్నవాళ్ళకి మాత్రమే ఇచ్చారు. పీసీజీఎస్ 70 ఇచ్చిన ఒక బిళ్ళ 2013లో 86,000 డాలర్లు దాటింది. అప్పటికి ఆ కంపెనీ నుంచి 70 తెచ్చుకున్నవి చాలా కొద్ది. ఆ ధర చూశాక మూలమూలల బీరువాలు తెరుచుకున్నాయి. మరిన్ని బిళ్ళలు గ్రేడింగ్‌కి వెళ్ళాయి, మరిన్ని 70లు వచ్చాయి, ధర దిగిపోయింది. ఈ కాలపు నాణెంతో వచ్చే చిక్కే ఇది. తయారైనవాటిలో చాలాభాగం ఎక్కడో భద్రంగానే ఉంటాయి.

మన నాణేల విషయంలో ఇంకో మాయ ఉంది. ఏ నాణేనికి ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో ఈ కంపెనీలు లెక్క ప్రచురిస్తాయి, దాన్ని పాప్ రిపోర్టు అంటారు. "పాప్ ఒకటి, ప్రపంచంలో దీన్ని మించింది లేదు" అని రెండు రూపాయల బిళ్ళని వేలల్లో అమ్మజూపేవాళ్ళని చూశాను. ప్రపంచంలో ఒక్కటే ఎందుకుందయ్యా అంటే, రెండు రూపాయల బిళ్ళకి మూడు వేలు ఫీజు కట్టే రెండో మనిషి దొరక్క. అమ్మజూపే ధర ఎవడైనా ఎంతైనా రాసుకోవచ్చు. వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే నాణెం, అదే గ్రేడు నిజంగా ఎంతకి పోయిందో చూడాలి. అక్కడ జాడే లేకపోతే కొనేవాళ్ళు లేరని అర్థం.

సంచి విప్పి కొత్త నాణేలు బల్ల మీద గుమ్మరించిన చప్పుడు విన్న క్యాషియరెవడూ "కొత్తది కదా, మంచి గ్రేడు వస్తుంది" అనడు. టంకశాల నుంచి బ్యాంకుకి వచ్చేలోపే అవి ఒకదాన్నొకటి పొడుచుకుని వస్తాయి. వాటి మీద గీతలూ గంట్లూ మామూలు కంటికే కనపడతాయి. ఇంట్లో పరీక్ష తేలికే. ట్యూబులైటు ఆర్పేసి ఒక్క బల్బు కింద నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా వంచండి. కాంతి గిర్రున ఒక చుట్టు తిరగాలి. ఎక్కడైనా తెగిందంటే అరుగుదలో, రుద్దుడో.

రుద్దుడంటే గుర్తొచ్చింది. మన ఇళ్ళలో నాణేల ప్రాణం తీసేది చింతపండు. 1950 నాటి గుర్రం బొమ్మ పైసా, 1957 నాటి కంచు నయా పైసా ఎర్రగా ఉంటే దానికి విలువ. రాగి, కంచు నాణేలకి గ్రేడుతోపాటు ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని రంగు కూడా రాస్తారు. ఆ ఎరుపు పుట్టుకతో వచ్చినదై ఉండాలి. చింతపండుతో తెప్పించిన ఎరుపుని వాళ్ళు లెన్సు పెట్టకుండానే పట్టేస్తారు. అప్పుడు అంకె ఇవ్వరు, "డీటెయిల్స్, క్లీన్డ్" అని రాసి స్లాబులో పెడతారు. ఫీజు మాత్రం వెనక్కి రాదు. 1968 నుంచి 1971 దాకా వచ్చిన పద్మం ఇరవై పైసల బిళ్ళలదీ ఇదే గతి. అందులో బంగారం కలిసిందని ఒకప్పుడు పుకారు. లక్ష్మీపూజకి నూట ఎనిమిది పోగుచేసిన ఇళ్ళు మా వైపు బోలెడు. పసుపూ కుంకుమా పడ్డాక, మళ్ళీ శుక్రవారానికి తోమకుండా ఎవరుంటారు?

మరి ఏవి పంపొచ్చు? పులి బొమ్మ ఉన్న 1947 నికెల్ రూపాయి, 1950, 1954 నాటి నికెల్ రూపాయలు, పైన చెప్పిన పైసాలు మొదటి మెరుపు పోకుండా దొరికితే ఆలోచించొచ్చు. అప్పట్లో వాటిని దాచుకున్నవాళ్ళు తక్కువ, ఖర్చుపెట్టినవాళ్ళే ఎక్కువ. 64కీ 66కీ ధరలో నిజమైన తేడా ఉండేది ఇలాంటి వాటికే. ఇంకా పాతవైతే చట్టం అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు చార్మినార్ రూపాయి మీ ఇంట్లో ఎంత మెరుస్తున్నా అమెరికా పార్సిల్లో వేయడానికి లేదు.

గ్రేడు సంగతి పక్కన పెట్టి, అసలుదని రుజువు కోసం పంపాల్సినవి ఎర్రర్ నాణేలు. ఈ మధ్య ఒక కుర్రాడు పది రూపాయల బిళ్ళ తెచ్చాడు. నడుమ బిళ్ళ ఒక పక్కకి జరిగి ఉంది. ఇలాంటివి సుత్తీ పట్కారూ పెట్టి తయారుచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నడుమ బిళ్ళ ఊడగొట్టి వేరేది దూర్చడం పెద్ద విద్యేం కాదు. అలా చేస్తే బొమ్మ గీతలు రెండు లోహాలూ కలిసే చోట తెగిపోతాయి. ఇతను తెచ్చినదాంట్లో గీతలు నడుమ బిళ్ళ మీంచి బయటి వలయం మీదికి ఎక్కడా తెగకుండా సాగాయి. తూకం వేస్తే ఉండాల్సిన 7.71 గ్రాములకి దగ్గరగానే ఉంది. దాన్ని పంపమన్నాను. మామూలు ఫీజు మీద ఎర్రర్ గుర్తింపుకి విడిగా కట్టాలి, అది కూడా కలిపి లెక్క రాసిచ్చాను.