స్థిరరాశి

2008 ఫిబ్రవరి 28, గురువారం నాడు, ఏబీసీలో 'లాస్ట్' నాలుగో సీజన్ ఐదో ఎపిసోడ్ వచ్చింది. పేరు 'ద కాన్‌స్టెంట్'. డీవీఆర్‌లో రికార్డు చేసి వారాంతానికి దాచుకున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. కథ మొత్తం చెప్పేయబోతున్నాను. చెప్పకుండా దీని గురించి మాట్లాడడం నా వల్ల కాదు.

ఈ సీరియల్ అస్సలు చూడనివాళ్ళకి రెండు ముక్కలు. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వస్తున్న ఓషియానిక్ 815 విమానం ఒక దీవి మీద కూలుతుంది. బతికినవాళ్ళు బయటపడాలని చూస్తుంటారు. దీవి మాత్రం మామూలుది కాదు. 2004 సెప్టెంబర్ 22న మొదలైంది. నాలుగేళ్ళ బట్టీ మనం చూస్తున్నాం కానీ కథలో గడిచింది మూడు నెలలే. మన డైలీ సీరియళ్ళు నయం, వాటిలో కనీసం పండగలు వస్తాయి.

మనవాళ్ళకి ఇందులో సరదా విషయాలు చాలా ఉన్నాయి. దీవిలో ప్రయోగాలు చేసిన సంస్థ పేరు ధర్మ. వాళ్ళ పలకరింపు నమస్తే. భూగర్భంలో ఒక మీట ఉంటుంది, దాన్ని 108 నిమిషాలకోసారి నొక్కుతూ ఉండాలి. అందరినీ భయపెట్టే ఆ ఆరు అంకెలు, 4, 8, 15, 16, 23, 42, కూడి చూడండి, సరిగ్గా 108. అష్టోత్తరం! ఇక ఇరాకీ సైనికుడు సయీద్‌గా వేసిన నవీన్ ఆండ్రూస్ లండన్‌లో పుట్టిన మలయాళీల బిడ్డ. విమానం కూలిన మొదటి రోజుల్లోనే అందరి అనుమానమూ అతని మీదే పడుతుంది. 2001 తరవాత ఈ దేశంలో విమానం ఎక్కిన గోధుమరంగు మనిషి ఎవరికీ ఆ సీను విడమరిచి చెప్పక్కర్లేదు.

రచయితల సమ్మె వల్ల ఈ సీజన్‌కి ముందే గండిపడింది. నవంబరు 5న మొదలైన సమ్మె ఫిబ్రవరి 12న ముగిసింది. అప్పటికి తయారైనవి ఎనిమిది ఎపిసోడ్లే. ఆ ఎనిమిదిలో ఒకటి ఇది. ఇది లేకుండా పోయి ఉంటే ఏమయ్యేదో అనుకుంటేనే బెంగగా ఉంది.

కథలోకి వద్దాం. డెస్మండ్ హ్యూమ్ స్కాట్లండువాడు. ఎవరినైనా 'బ్రదర్' అని పిలుస్తాడు (ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎన్టీ రామారావుగారు గుర్తొస్తారు). మూడేళ్ళపాటు భూగర్భంలో కూర్చుని ఆ మీట నొక్కినవాడు ఇతనే. సయీద్‌తో కలిసి హెలికాప్టర్‌లో దీవి నుంచి సముద్రంలో ఉన్న ఓడకి బయల్దేరతాడు. దారిలో ఉరుములు, మెరుపులు. ఉన్నట్టుండి అతను 1996లో, సైనిక శిబిరంలో మంచం మీద నిద్ర లేస్తాడు. మళ్ళీ హెలికాప్టర్. పక్కన సయీద్ ఉన్నాడు కానీ, నువ్వెవరివి అని అడుగుతాడు.

ఇంతకుముందు లాస్ట్‌లో పాత సంగతులు చూపించేటప్పుడు హోరుమనే ఒక శబ్దం వచ్చేది. ప్రేక్షకుడికి అదొక చేతికర్ర, ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెళ్తున్నాం అని. ఈ ఎపిసోడ్‌లో అది తీసేశారు. ఎందుకంటే ఇక్కడ జరుగుతున్నది జ్ఞాపకం కాదు. 2004లోని ఒంట్లో 1996 నాటి మనసు వచ్చి కూర్చుంది. ఆ ఎనిమిదేళ్ళు అతనికి ఇంకా జరగనే లేదు. ఒక వాక్యం మధ్యలో తెగుతుంది, రెండో సగం ఇంకో ఏడాదిలో వినబడుతుంది. నేను రెండోసారి చూసినప్పుడు కేవలం ఆ కత్తిరింపులే గమనిస్తూ కూర్చున్నాను.

ఓడలో ఇలాంటి రోగే ఇంకొకడున్నాడు. సమాచార విభాగం చూసే జార్జ్ మింకౌస్కీ. అతన్ని మంచానికి కట్టేసి ఉంచుతారు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. స్థలాన్నీ కాలాన్నీ కలిపి నాలుగు పరిమాణాలుగా చూడమన్న గణితవేత్త హెర్మన్ మింకౌస్కీ. ఐన్‌స్టైన్‌కి పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన ఆ ప్రసంగం చేసింది 1908లో, 2008కి సరిగ్గా నూరేళ్ళు. సీరియల్ మింకౌస్కీకి మాత్రం ఆ ఘనతేమీ లేదు, ముక్కు వెంట రక్తం కారి చచ్చిపోతాడు. అతనికి పట్టుకోవడానికి ఏమీ లేకపోయింది.

ఆ పట్టుకోవడమే కథంతా. దీవిలో ఉన్న భౌతికశాస్త్రవేత్త డేనియల్ ఫారడే, 1996లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న తన దగ్గరికే వెళ్ళమని డెస్మండ్‌కి ఫోన్‌లో చెబుతాడు. తన యంత్రాన్ని ఏ అంకెలకి తిప్పాలో కూడా చెప్పి పంపుతాడు: 2.342, 11 హెర్ట్జ్. (2.342 ఏమిటి? వోల్టులా, టెస్లాలా, కొబ్బరికాయలా? ఇంజనీరింగ్ చదివినవాడికి యూనిట్ లేని అంకె పంటికింద రాయి.) అక్కడ పొడుగు జుట్టు ఫారడే ఎలోయీస్ అనే ఎలుకని ఒక చిక్కుదారి పెట్టెలో వదులుతాడు. అతను ఇంకా నేర్పని దారిలో అది చకచకా పోతుంది. కాసేపటికి చచ్చిపోతుంది. ఎందుకని డెస్మండ్ అడిగితే, దానికి కాన్‌స్టెంట్ లేదు అంటాడు. రెండు కాలాల్లోనూ ఉండే ఒక్కటి కావాలి. నీకు చాలా ఇష్టమైనది, అక్కడా ఇక్కడా నువ్వు గుర్తుపట్టగలిగేది.

తెలుగు మీడియంలో చదివినవాణ్ణి కనక నాకు కాన్‌స్టెంట్ అనగానే స్థిరరాశి, వేరియబుల్ అనగానే చలరాశి. తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు బల్ల మీద బెత్తంతో కొడుతూ చెప్పినవి. ఇంటర్‌లో సమాకలనం చేసి చివర 'ప్లస్ సీ' రాయకపోతే అరమార్కు ఎగిరిపోయేది. ఆ 'సీ' విలువ ఎంతో ఎవరికీ తెలియదు, అయినా అది లేకపోతే జవాబు జవాబు కాదు.

డెస్మండ్‌కి ఆ 'సీ' పెన్నీ. 1996 నాటికే వాళ్ళిద్దరూ విడిపోయారు, అతని చేతకానితనం వల్లే. ఇప్పుడు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఫోన్ నంబరు అడుగుతాడు. ఇప్పుడు చెయ్యను, ఎనిమిదేళ్ళ తరవాత 2004 డిసెంబర్ 24న చేస్తాను, నంబరు మాత్రం మార్చకు అంటాడు. పిచ్చివాణ్ణి వదిలించుకోవాలన్నట్టు ఆమె నంబరు చెప్పి బయటికి పంపేస్తుంది. ఇవతల ఓడలో సయీద్ విరిగిన ఫోన్‌కి వైర్లు కలుపుతాడు. బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో తెలియదు. రింగవుతుంది. ఎత్తుతారో లేదో. ఎత్తింది.

వాళ్ళేం మాట్లాడుకున్నారో రాయను. పెద్ద మాటలేం లేవు. మూడేళ్ళుగా నీకోసం వెతుకుతున్నాను అని ఆమె, నేను వస్తాను అని అతను, ఒకరి మాట మీద ఒకరు. మధ్యలో కరెంటు పోతుంది. హెన్రీ ఇయన్ కుసిక్ ముఖం అప్పుడు చూడాలి. సయీద్ క్షమించమన్నట్టు చూస్తే, ఫరవాలేదు, చాలు అన్నట్టు నవ్వుతాడు. వెంటనే, నువ్వు సయీద్ కదూ, అని గుర్తుపడతాడు.

'మాయాబజార్'లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూసుకుంటుంది. 1957లో మనవాళ్ళు తీసిన ఆ సీను నాకు ఇంతకాలం చమత్కారంగా ఉండేది. ఇప్పుడు ఇంకో మాట తోచింది. శశిరేఖ తల్లి రేవతి. భాగవతం నవమస్కంధంలో ఆమె తండ్రి కకుద్మి, కూతురికి వరుణ్ణి అడగడానికి ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. తిరిగొచ్చేసరికి అతను అనుకున్న వరులూ లేరు, వాళ్ళ మనవలూ లేరు. చిన్నప్పుడు అమ్మమ్మ ఈ కథ చెబితే నాకు రేవతి పెళ్ళి మీదే ధ్యాస ఉండేది. ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళయ్యాక కకుద్మి మీదకి మళ్ళింది.

2004 డిసెంబర్ 24 అన్న తేదీ వినగానే నేను సోఫాలో సర్దుకుని కూర్చున్నాను. ఆ మర్నాటి రాత్రి, ఇక్కడ క్రిస్మస్. డాలస్‌లో అర్ధరాత్రి కావస్తుండగా స్నేహితుడొకడు ఫోన్ చేసి, బందరు దగ్గర సముద్రం ముందుకొచ్చిందట, టీవీ పెట్టు, అన్నాడు. మాది బందరు. అక్కడ అప్పటికే ఆదివారం, పౌర్ణమి. అమ్మా ఎదురింటి పిన్నిగారూ పౌర్ణమి స్నానానికి మంగినపూడి వెళ్ళడం మామూలే. 77 ఉప్పెన చూసిన ఊరు మాది, సముద్రం ముందుకి రావడమంటే ఏమిటో మా ఇంట్లో చెప్పక్కర్లేదు.

కాలింగ్ కార్డు తీసి నొక్కడం మొదలెట్టాను. ముందు టోల్‌ఫ్రీ, తరవాత పిన్, తరవాత 011, 91, 8672, తరవాత ఇంటి నంబరు. నేను ఊళ్ళో ఉండగా అయిదంకెలు, తరవాత ముందొక 2 చేరి ఆరయ్యింది. లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఒకావిడ ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెబుతూనే ఉంది. ఎన్నిసార్లు నొక్కానో లెక్క లేదు. మూడు గంటలు దాటాక రింగయింది.

నాన్న ఎత్తారు. "ఏరా, ఇంత రాత్రి మేలుకుని ఉన్నావేం? అన్నం తిన్నావా?" అన్నారు. ఆయనకి రాత్రి జ్వరమొచ్చిందట, అందుకని అమ్మ స్నానానికి వెళ్ళలేదట. పిన్నిగారు ఒక్కతే ఎందుకని మానేసిందట. ఆంధ్రా తీరంలో వందమందికి పైగా పోయారు ఆ రోజు. మంగినపూడిలోనూ పోయారు. మేం మాట్లాడుకున్నది మాత్రం జ్వరం, చారు, ఇక్కడి చలి. మీకు ఇక ఒక్క నిమిషమే మిగిలింది అని ఆ మర్యాదస్తురాలు మధ్యలో వచ్చింది. నాన్న ఆవిడతో "సరేనమ్మా" అన్నారు.

నాన్న 2006లో పోయారు. అమ్మ ఇప్పుడు హైదరాబాదులో తమ్ముడి దగ్గర ఉంటోంది, చేతిలో సెల్లుంది. బందరు ఇల్లు తాళం. ఆ ల్యాండ్‌లైన్ వెనక్కిచ్చేద్దాం, ఎవరూ లేని ఇంటికి అద్దె కట్టడం ఎందుకని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. ఉండనీరా, డబ్బు నేను పంపిస్తాను, అంటున్నాను. కారణం అడగలేదు వాడు, మంచివాడు.

మా ఆవిడకి ఈ ఎపిసోడ్ మీద గట్టి అభ్యంతరం ఉంది. ఎనిమిదేళ్ళు పెన్నీ ఆ నంబరు ఎలా ఉంచుకుంది? ఇల్లు మారలేదా? మనం ఎనిమిదేళ్ళలో నాలుగు అపార్టుమెంట్లు మారాం కదా, అంది. నిజమే. నాకూ నచ్చనివి ఉన్నాయి. వేలంపాట సీను దానికదే బాగున్నా ఇక్కడ ఇరికించినట్టుంది, వచ్చే సీజన్లకి విత్తనం చల్లుకున్నారంతే. అయితే ఆ సీను చివర పెన్నీ తండ్రి విడ్మోర్, డెస్మండ్‌కి అడ్రసు రాసిచ్చి, కుళాయి కట్టకుండా వెళ్ళిపోతాడు. ఏమిటా నీళ్ళు అలా పోతుంటే, అని మా ఆవిడా నేనూ ఒకేసారి అన్నాం. బందరు మనుషులం. మంచినీళ్ళు పోతుంటే చూడలేం.

ఫోన్ సీను దగ్గర ఎపిసోడ్ అయిపోయిందనే అనుకున్నాను. కాలేదు. దీవిలో ఫారడే తన నోటుపుస్తకం తిరగేస్తుంటాడు. ఒక పేజీలో అతని చేతిరాతలోనే, ఏదైనా తేడా జరిగితే డెస్మండ్ హ్యూమ్ నా కాన్‌స్టెంట్ అవుతాడు అని రాసి ఉంటుంది. అది తనే రాసినట్టు అతనికే గుర్తున్నట్టు లేదు. ఎప్పుడు రాశాడు? ఏం తేడా జరగబోతోంది? డెస్మండ్‌కి పెన్నీ ఉంది, ఫారడేకి ఆ డెస్మండే, అదీ ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఎలుకల గదిలోకి వచ్చిపోయిన మనిషి. అంతకన్నా దగ్గరివాళ్ళు ఎవరూ లేరా అతనికి? వచ్చే గురువారం ఏడున్నరకల్లా వంట ముగించాలని ఇంట్లో ఒప్పందం కుదిరింది.